తేడా కనపడని ఫోటోలు

ధర్మవరంలో పట్టు నేసేవాళ్ళకు కొదవ లేదు గానీ, రంగు చూడగలిగినవాళ్ళు తక్కువ. అద్దకం నుంచి వచ్చిన రెండు పట్టుదారపు లడులు పక్కపక్కన పెడితే మనలాంటివాళ్ళకు రెండూ ఒకటే ఎరుపు. జయరాముడు వాటిని గడప దగ్గరికి తీసుకుపోయి, ఒకసారి ఎండలో, ఒకసారి నీడలో పట్టి, "ఇది నిన్నటి కాగులో ముంచింది, ఇది ఇయ్యాల్టిది. రెండూ ఒక చీరకు పెట్టొద్దు" అనేవాడు. అద్దకం చేసే సుంకప్ప మొదట్లో కయ్యానికి దిగేవాడు. తర్వాత ఆయనే లడులు చంకన పెట్టుకుని వచ్చి, అరుగు మీద కూర్చుని, జయరాముడి తీర్పు కోసం కాచుకునేవాడు. సుంకప్ప అద్దకంలో లెక్క, కొలత ఏమీ ఉండవు. లడిని కాగులో ముంచి తీసి జయరాముడికి చూపిస్తాడు. జయరాముడు "ఇంకొకసారి" అంటే అదే లడిని మళ్ళా ముంచుతాడు. "చాలు" అన్నప్పుడు ఆపుతాడు. ఇరవై ఏళ్ళుగా ఆ పద్ధతిలోనే నడిచింది.

జయరాముడి గొప్ప అంతా రెండు నీడల చీరలో ఉంది. నిలువు పోగులైన పడుగు ఒక రంగు, అడ్డంగా పోయే పేక ఇంకొక రంగు. చీరను ఇటు తిప్పితే నెమలి కంఠం, అటు తిప్పితే వంకాయ రంగు. ఏ రెండు రంగులు కలిస్తే మూడోది పుడుతుందో ఆయన కంటికి ముందే తెలిసేది. ఆయనకు పట్టూ జరీ ఇచ్చి నేయించుకునే సావుకారు ఉదయ్ కుమార్. అతని తండ్రి తను బతికున్న రోజుల్లో, "జయరాముడు చూసినాడా?" అని అడగనిదే ఏ చీరకూ ముద్ర వేసేవాడు కాదు.

అట్లాంటి మనిషికి నలభై తొమ్మిదో ఏట కళ్ళలో పొర కమ్మడం మొదలైంది.

అది రెండు వేల నాలుగు. ఉగాది పోయిన వారానికి, అంచులోని జరీ గీత ఒకటి రెండుగా కనపడింది. పోగు జారిందేమోనని వేలితో తడిమి చూశాడు. వేలికి ఒకటే గీత తగిలింది. వేసవి ముదిరేకొద్దీ బల్బు చుట్టూ పొగ కట్టినట్టయింది. పసుపుపచ్చా తెలుపూ కలిసిపోయాయి. మనుషులు ఆకారాలుగా మిగిలారు. నడకను బట్టీ గొంతును బట్టీ ఫలానా అని పోల్చుకుంటున్నాడు.

డాక్టరు దగ్గరికి పోవచ్చు కదా అని మనం సులభంగా అనేస్తాం. సోమందేపల్లెలో ఆయన అన్న చిన్నప్ప ఉన్నాడు. ఆయనా నేతగాడే. పదేళ్ళ కింద ఎవరో పెట్టిన కంటి శిబిరంలో పొర తీయించుకుంటే చీము పట్టి ఆ కన్ను పోయింది. రెండో కంటిని ఎవరి చేతుల్లోనూ పెట్టనని మొండికేశాడు. అదీ నిదానంగా మూసుకుపోయింది. అది పూర్తిగా పోయిన ఏడే మగ్గం విప్పేశారు. అప్పటినుంచి చిన్నప్ప గోడకు ఆనుకుని కూర్చుని, అడుగుల చప్పుడు వినపడిన ప్రతిసారీ "ఎవరూ?" అంటాడు. పిల్లలు కావాలనే ఆయన ముందు చప్పుడు చేసి పారిపోతారు. జయరాముడు అన్నను చూడడానికి పోయి రెండేళ్ళయింది. ఆ "ఎవరూ?" వినలేక పోవడం మానుకున్నాడు. తన కళ్ళ సంగతి బయటపడితే సావుకారు పడుగు ఇవ్వడు, పడుగు లేకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే తనూ గోడ పక్కనే. ఈ మూడూ ఆయనకు పొద్దున లేవగానే వరసగా గుర్తుకొచ్చేవి.

అందుకని దాచాడు. దాచడం ఆయనకు మొదట్లో అంత కష్టం కాలేదు. అంచులోని పువ్వుల సంగతి మగ్గం పైన జాకార్డు పెట్టెకు తగిలించిన చిల్లుల అట్టలు చూసుకుంటాయి. పోగు తెగితే వేళ్ళకు తెలుస్తుంది. పేక దారం చుట్టిన కండెలకు రంగు రంగుకొక బుట్ట, దేని చోటు దానిది. భార్య ఓబమ్మ కండెలు చుట్టి ఏ బుట్టలోవి ఆ బుట్టలో పెట్టేది. ఆయన చూడకుండానే చేయి చాచి తీసుకునేవాడు. సుంకప్ప లడులు తెస్తే ఇదివరకటిలాగే గడప దగ్గర నిలబడి ఎండలోకి పట్టి, గంభీరంగా తల ఆడించి, "నీకేమనిపిస్తాంది సుంకప్పా?" అనేవాడు. "కొంచెం ముదురైందేమో అన్నా" అని ఆయన అనగానే, "అదే నేనూ అనుకుంటి" అనేవాడు. పాపం సుంకప్ప, తన కన్ను కూడా పదునెక్కిందని సంబరపడి పోయేవాడు.

ఈ నాటకం ఎన్నాళ్ళు నడిచేదో గానీ, మధ్యలో కంప్యూటరు వచ్చి పడింది.

ఉదయ్ కుమార్ తండ్రిలాంటివాడు కాదు. ముప్పై దాటలేదు, కొత్త పిచ్చి. బెంగళూరులో ఎవరో చేసి ఇస్తే చీరలకు వెబ్‌సైటు పెట్టాడు. దుకాణం వెనక గదిలో కంప్యూటరు, టెలిఫోను తీగకు ఇంటర్నెట్టు, మెడలో వేలాడేసుకునే డిజిటల్ కెమెరా. ఆ గదిలో పనికి జయరాముడి కూతురు సుజాతను పెట్టుకున్నాడు. సుజాత డిగ్రీ అయినాక బస్టాండు దగ్గర కంప్యూటరు కోర్సు చేసింది. చీరకు ఫోటో తీయడం, దాన్ని వెబ్‌సైటులో పెట్టడం ఆమె పని. మనసు పెట్టి చేసేది. ఇంటికి వచ్చినా ఆ మాటలే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఫోటో బరువుగా ఉండేది. ఆ రోజుల్లో ఫోను తీగమీద ఒక్క చీర బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగేసరికి టీ తాగి రావచ్చు. అంచు కనపడి, ఒంటి రంగు సగం దిగి, కొంగు వచ్చేలోగా లైను తెగేది. బెంగళూరులో చూసేవాళ్ళు కొంగుదాకా ఆగేవాళ్ళు కాదు.

"ఫోటో బరువు తగ్గించాల సుజాతా" అన్నాడు ఉదయ్ కుమార్. "తగ్గిచ్చినట్లు మాత్రం తెలీకూడదు. మన చీరల్ని చూసి మిల్లు చీరలనుకుంటే మొదటికే మోసం."

అది ఎట్లా చేస్తారో సుజాత ఇంట్లో అన్నం తింటూ తండ్రికి చెప్పింది. "కంప్యూటర్లో ఒక మీట ఉంటాది నాయనా, నూరు నుంచి కిందికి జరపొచ్చు. జరిపేకొద్దీ ఫోటోని చిన్న చిన్న గళ్ళు చేసి, ఒక్కో గడిలో మన కంటికి ఆనని తేడాలన్నీ తీసి పారేస్తాది. నువ్వు జాకార్డుకు గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపుతావు చూడు, అట్ల. పక్కపక్క గళ్ళల్లో రవ్వంత తేడా ఉంటే రెండిటికీ ఒకే రంగు కొట్టేస్తాది. కంటికి తెలీనంత వరకే తీయాల. అది దాటితే మసక."

"ఎంతవరకు తీయాలని ఎట్ల తెలుస్తాది?" అన్నాడు జయరాముడు.

"దానికేముండాది, నువ్వుండావు గదా! ఉదయన్న గూడా అదే అన్న్యాడు. ప్రతి ఫోటో మామకు చూపిచ్చు, మామ కంటికి తేడా కనపడకపోతే లోకంలో ఎవరికీ కనపడదు అని."

చేతిలోని ముద్ద నోటిదాకా పోలేదు. మంచినీళ్ళు తాగి, అన్నం చాలని లేచాడు. ఓబమ్మ మిగిలిన అన్నం తీసి మూత పెట్టింది.

మగ్గం మీద కళ్ళు పోయినా వేళ్ళున్నాయి. ఇక్కడ ఉన్నది కంప్యూటరు అద్దం. అద్దానికి అంచూ లేదు, పోగూ లేదు, గరుకూ లేదు. సాయంత్రం నాలుగింటికి ఆ వెనక గదిలో కుర్చీ వేసి కూర్చోబెడితే ఆయనకు కనపడింది రెండు వెలుగు ముద్దలు, పక్కపక్కన. ఒకటి బరువు ఫోటో, ఒకటి తేలిక ఫోటో. ఏది ఏదో తెలియదు. వాటిలో ఉన్నది తను నేసిన చీరేనని సుజాత చెబితే తెలిసింది.

"చూడు నాయనా, ఎనభైకి తెచ్చినా. తేడా ఉండాదా?"

అలవాటుగా, "నీకేమనిపిస్తాంది?" అన్నాడు.

"నా కన్నుదేముంది నాయనా. నువ్వు చెప్పు."

అప్పుడు ఆయనకు ఒక సంగతి తట్టింది. తేడా ఉందంటే, ఎక్కడ అని అడుగుతుంది. లేదంటే ఇంకేమీ అడగదు.

"తేడా లేదు" అన్నాడు.

సుజాత గొంతులో సంతోషం విని ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇంత సులభమా అనుకున్నాడు. ఎనభై దగ్గర నిజంగానే తేడా లేదు. అరవై దగ్గర కూడా కొత్తవాళ్ళెవరూ పట్టలేరు. ఆ రోజే అక్కడ ఆపి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ సుజాత ఆ ఇంట్లో పుట్టిన పిల్ల. ముంచుతూ పోవాలి, కన్నున్నవాడు చాలన్నప్పుడు ఆపాలి. ఆమెకు తెలిసిన పద్ధతి అదే. నాయన ఇంకా చాలనలేదు. యాభై చేసింది. "తేడా లేదు." నలభై. "లేదమ్మా." ముప్పై. "యాడిదమ్మా తేడా."

దీంట్లో ఇంకో పొరపాటు ఉంది, అది కూడా కాగు దగ్గర నేర్చుకున్నదే. సుంకప్ప అదే లడిని మళ్ళా ముంచినట్టు, సుజాత నిన్న తగ్గించిన ఫోటోనే మళ్ళా తెరిచి, ఇంకాస్త తగ్గించి, అదే పేరుతో దాచేది. లడికి ప్రతి ముంపుకూ రంగు ఎక్కుతుంది. ఫోటోకు ప్రతిసారీ ఏదో ఒకటి ఊడిపోతుంది, ఊడిపోయింది మళ్ళా రాదు. కెమెరాలోని కార్డు చిన్నది కాబట్టి అసలు ఫోటోలను ఎప్పటికప్పుడు చెరిపేసేది. మళ్ళా తీద్దామన్నా ఆ చీరలు అమ్ముడైపోయేవి.

ఒకరోజు ఆమె కంప్యూటరు మీదికి వంగి చూసింది. తర్వాత మెల్లగా, "నాయనా, ఈ వంకాయ రంగుది నాకు ఏదో మసక మసగ్గా ఉన్నట్లుండాది. అంచు పక్కన గళ్ళు గళ్ళుగా కనపడ్తాండాయి. నువ్వు బాగ చూడు" అంది.

జయరాముడు ఔననాలి. ఔనంటే ఎక్కడ అని అడగదు, ఆమే చెప్పేసింది కదా. కానీ ఆమె తనను పరీక్షిస్తోందేమో! నిజంగా మసక లేకుండానే అడిగి చూస్తోందేమో! భయం పట్టినవాడి బుర్ర అట్లాగే పని చేస్తుంది, సొంత బిడ్డ కూడా పోలీసులా కనపడుతుంది.

"ఎండలోంచి లోపలికి వచ్చినావు, కండ్లు చెదిరింటాయి. తేడా ఏమీ లేదు" అన్నాడు, కొంచెం కసిరినట్టే.

"అట్లనా" అంది సుజాత. తన కళ్ళను పక్కన పెట్టి తండ్రి కళ్ళను నమ్మింది.

వెబ్‌సైటు పరుగెత్తింది. చీర బొమ్మ పది సెకన్లలో దిగుతోంది. ఉదయ్ కుమార్ వచ్చిన ప్రతివాడినీ వెనక గదికి తీసుకుపోయి గడియారం పట్టుకుని చూపించేవాడు. "మా జయరాముడు మామ చూసి సరే అంటేనే పెడ్తాం" అని కూడా చెప్పేవాడు. జయరాముడు ఇంట్లో మగ్గం గుంతలో కూర్చుని ఆ పొగడ్త ఓబమ్మ నోట వింటే, ఎవరో వెనకనుంచి తరుముకొస్తున్నట్టు పేక పోగును లాక్కుపోయే నాడెను గబగబా విసిరేవాడు.

శ్రావణమాసం ముందర బెంగళూరు నుంచి ఫోను వచ్చింది. అక్కడ పెద్ద దుకాణం నడిపే ఆవిడ. పెళ్ళిళ్ళకు నలభై చీరలు తీసుకుంటానని మాటిచ్చిన మనిషి. వెబ్‌సైటు చూసి, ఒక్కటి కూడా వద్దంది. అంచులు అలుక్కుపోయాయట. రెండు నీడల చీరలన్నీ ఒకటే మట్టిరంగుగా ఉన్నాయట. చేతిమగ్గం పేరు పెట్టి అచ్చు గుడ్డలు అంటగడుతున్నారా అని అడిగిందట.

ఉదయ్ కుమార్ ఫోను పెట్టేసి వెనక గదికి వచ్చిన వేగానికి తలుపు గోడకు కొట్టుకుంది. కొద్దిసేపటికి దుకాణంలో పనిచేసే అంజినప్ప జయరాముడి ఇంటికి వచ్చి, "మామా, సావుకారు రమ్మంటాండాడు. జల్దీ. సుజాతమ్మ ఏడుస్తాంది" అన్నాడు.

ఇంటినుంచి దుకాణానికి నాలుగు వీధులు. ఆ దారి కళ్ళు మూసుకుని నడవగలడు, నడుస్తున్నది కూడా అట్లాగే. తెలిసిపోయింది, అయిపోయింది అనుకుంటూ నడిచాడు. ఎవరో "ఏమప్పా జయరాముడూ" అని పలకరిస్తే ఎటు తిరగాలో తెలియక నిలబడిపోయాడు. గాలికి మట్టి లేచి కళ్ళలో పడింది. ఎప్పుడూ దాన్ని తిట్టుకునేవాడు గానీ ఆ రోజు మట్టి పడ్డందుకు సంతోషించాడు, కళ్ళు నలుపుకోవడానికి ఒక సాకు దొరికింది.

వెనక గదిలో సుజాత ముక్కు చీదుకుంటున్న చప్పుడు వినపడింది.

"కూర్చో మామా" అన్నాడు ఉదయ్ కుమార్. గొంతు కటువుగా ఉన్నా మర్యాద పోలేదు. "ఆ ఫోటోల్లోని చీరల్లో ఒక్కటే ఈడ మిగిలింది. దాన్ని ఇప్పుడే కొత్తగా ఫోటో తీపిచ్చినా. పక్కన ఇంతకుముందు సుజాత పెట్టింది ఉండాది. సుజాత ఏమంటాదంటే, ప్రతిదీ నువ్వు చూసినావు, తేడా లేదన్న్యావు అని. నేను నమ్మలేదు. ఇంత తేడా మామ కంటికి కనపడకుండా పోతాదా? నువ్వే చెప్పు. తేడా ఉండాదా, లేదా?"

రెండు వెలుగు ముద్దలు. అంతే.

లేదంటే తన కళ్ళు పోయాయని గదిలో అందరికీ తెలుస్తుంది. ఇన్నాళ్ళూ తనను కాపాడిన మాట ఈ రోజు మెడకు ఉరి. ఉందంటే సుజాత అబద్ధాలకోరు అవుతుంది. ఇదంతా ఆలోచించే వ్యవధి ఆయనకు ఉందని నేననను. చిన్నప్ప కూర్చునే గోడ ఒక్కటే కళ్ళముందు కదిలింది.

"తేడా ఉండాది" అన్నాడు.

"మరి అప్పుడెందుకు చెప్పలేదు మామా?"

"చెప్పినా" అన్నాడు జయరాముడు. నోరు దానంతట అదే కదులుతోంది. "చెప్తే ఆయమ్మి ఇనలేదు."

ముక్కు చీదుకునే చప్పుడు ఆగిపోయింది.

ముందు గదిలో ఫోను మోగింది. బెంగళూరేమోనని ఉదయ్ కుమార్ పరుగెత్తాడు. గదిలో తండ్రీ కూతుళ్ళు మిగిలారు. సుజాత కుర్చీ జరిపి ఆయన పక్కకు వచ్చింది.

"యాడుండాది నాయనా తేడా?" అంది. గొంతులో కోపం లేదు. అర్థం కాక అడుగుతున్నట్టుంది. "ఏలు పెట్టి చూపిచ్చు."

జయరాముడు చేయి చాచాడు. వేలు చల్లటి అద్దానికి తగిలింది. కొంచెం అటు జరిపాడు, కొంచెం ఇటు జరిపాడు. చివరికి ఒకచోట నొక్కి, "ఈడ" అన్నాడు.

అది కొత్త ఫోటో. ఏ మచ్చా లేని, అప్పుడే తీసిన మంచి ఫోటో.

ఆయన వేలు అద్దం మీదే ఉండిపోయింది. తీయాలో వద్దో తెలియలేదు. తర్వాత సుజాత చేయి వచ్చి, ఆ వేలిని మెల్లగా పట్టుకుని, కిందికి దించి, ఆయన ఒడిలో పెట్టింది. అప్పుడే ఉదయ్ కుమార్ అడుగులు దగ్గరికి వచ్చాయి.

"నాయన చెప్పినాడన్నా" అంది సుజాత. "నేనే ఇనలేదు. తప్పు నాదే."

"ఇంతసేపు మరి..."

"భయమేసి అట్ల చెప్తి."

ఉదయ్ కుమార్ అరవలేదు. రేపటినుంచి రావద్దన్నాడు. జయరాముడి వైపు తిరిగి, "నీ మొగం చూసి ఇంకేమీ అనడం లేదు మామా. మల్ల పడుగు సోమారం పంపిస్తా" అన్నాడు.

మగ్గం దక్కింది. ఏ భయంతో నాలుగు నెలలు నిద్ర పోలేదో ఆ భయం తీరినట్టే. ఇద్దరూ వీధిలోకి వచ్చారు. సుజాత అర అడుగు ముందు నడిచింది. ఒకచోట "ఈడ రాయి" అంది. ఇంకోచోట "కాలవ" అంది. పుట్టి పెరిగిన వీధిలో ఆ రెండు మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఆమెకు తెలిసిపోయిందని ఆయనకు తెలుసు. తెలిసి కూడా తనను కాపాడిందని తెలుసు. ఆ సంగతి నోరు తెరిచి అంటుందేమోనని రాత్రి అన్నం దగ్గర బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. ఆమె అనలేదు. పని మానేశానని తల్లికి చెప్పి, పాత్రలు తోమడానికి పోయింది.

పొద్దున మగ్గంలోకి దిగాడు. చేయి చాచి కండె తీసుకున్నాడు, నాడెలో పెట్టాడు, విసరలేకపోయాడు. నాడెను మగ్గం మీదే వదిలి, లేచి, కండువా వేసుకుని, ఎవరికీ చెప్పకుండా దుకాణానికి నడిచాడు.

ఉదయ్ కుమార్ అప్పుడే తాళం తీసి దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగిస్తున్నాడు. వాసన బట్టి తెలిసింది.

"అప్పా" అన్నాడు జయరాముడు గడప దాటకుండానే. దాటితే మళ్ళా ధైర్యం పోతుందేమో. "నాకు కండ్లు కనపడవు. ఉగాది నుంచి కనపడవు. ఫోటోలు చూసినా, తేడా లేదన్న్యా. పాప చెప్పిందే నిజం. నేను చెప్పింది అబద్ధం. ఆయమ్మిని పనిలోకి పిలుచుకో. పడుగు నాకు పంపొద్దు."

చెప్పడం అయిపోయింది. గోడ పక్కన తన చోటు తనే చూపించుకున్నాడు. ఇంకేం జరుగుతుందోనని నిలబడ్డాడు.

ఉదయ్ కుమార్ ఊదుబత్తిని పటం దగ్గర గుచ్చి, "ఓబమ్మత్త చీర ఇయ్యను వచ్చినప్పుడల్లా నా వెనక వరండాలో కూర్చుంటాది, తెలుసా మామా?" అన్నాడు.

"ఎందుకు?"

"ఎండకు చీర పరుచుకోని, సూది పట్టుకోని, జారిన పోగులు సరి చేస్తాది. గంటసేపు. ఉగాది పోయినప్పటి నుంచి ప్రతి చీరకు. ఎందుకత్తా అంటే, నీకెందుకప్పా అంటాది. అప్పుడే అనుకుంటి, మామకు చూపు కొంచెం తగ్గినట్లుండాదిలే అని. ఇంతగా పోయిందని అనుకోలేదు. సుంకప్పకు గూడా అనుమానముండాది. నువ్వు ముందు ఆయన్నే అడుగుతావంట గదా."

జయరాముడు గుమ్మం పట్టుకున్నాడు. కండెలు ఏ బుట్టవి ఆ బుట్టలో ఎందుకు అంత పద్ధతిగా ఉండేవో ఇప్పుడు తెలిసింది. తను దాచాననుకున్నదాన్ని ఊరు తన తరఫున దాచింది.

"పాపను రమ్మను" అన్నాడు ఉదయ్ కుమార్. "ఫోటోలన్నీ మల్ల మొదటినుంచి తీయాల. ఈసారి అసలువి పక్కన భద్రంగా పెట్టుకోమని చెప్పు. పడుగు సంగతి నేను ఇప్పుడేమీ చెప్పలేను మామా. ముందు కండ్లు చూపిచ్చుకో. చిన్నప్పకు అట్లయిందని నీకూ అట్లనే అవుతాదా?"

అవుతుందో కాదో జయరాముడికి తెలియదు. ఆ భయం అట్లాగే ఉంది. ఇంటిదారి పట్టాడు. నడుస్తూ ఒక్కొక్కరినీ లెక్కేసుకున్నాడు. ఓబమ్మకు తెలుసు. సావుకారుకు సగం తెలుసు. సుంకప్పకు అనుమానం. ఆయన కన్ను మంచిదని చివరిదాకా నమ్మింది ఒక్క సుజాత. నమ్మి, తన కళ్ళను కూడా కాదనుకుంది. ఆ నమ్మినదాన్నే తీసుకుపోయి సావుకారు ముందు అబద్ధాలకోరును చేశాడు. సావుకారుకు చెప్పడం కష్టమే కాదనిపించింది ఇప్పుడు. చెప్పవలసిన మనిషి ఇంట్లో ఉంది.

గడప దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. పొద్దుటి ఎండ ఆ ఆకారం మీద పూర్తిగా పడుతోంది.

"యాడికి పోయినావు నాయనా?" అంది సుజాత.

"దుకాణానికి. అంతా చెప్పేసినా." ఇంకా ఏదో అనబోయాడు. తప్పు చేశానమ్మా అనాలని దారంతా అనుకుంటూ వచ్చాడు.

సుజాత మెట్టు దిగి వచ్చి, ఆయనకు మూరెడు దూరంలో, ఎండకు ఎదురుగా నిలబడింది.

"నా మొగం కనపడ్తాందా నాయనా?"

కనపడుతోందంటే అది చాలు, ఇంకేమీ అడగదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదమ్మా" అన్నాడు జయరాముడు.